అప్పుల ఎస్టేటును నిలబెట్టి.. ప్రధాని అయ్యి.. కియాంటీకి రుచి నేర్పిన ‘ఉక్కు బారన్’

వయసు పద్దెనిమిది. అమ్మ లేదు, నాన్న లేడు. చదువు సగంలో ఉంది. వెనకాల చూసుకోవాల్సిన తమ్ముళ్లున్నారు. ఆస్తి ఉందా అంటే ఉంది. కొండమీద పాతకాలపు కోట, దాని చుట్టూ ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, అడవి. కాకపోతే ఆ ఆస్తి మీద తలకు మించిన అప్పుంది!

ఈ పరిస్థితిలో ఉన్న కుర్రాడు ఏం చేస్తాడు? ఉన్నది అమ్మేసి అప్పు తీర్చి, మిగిలిందేదో పట్టుకుని నగరంలో బతికేయొచ్చు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 1809 మార్చి 9న పుట్టిన బెత్తీనో రికాసోలి అలా చేయలేదు. అప్పులు తీర్చాడు, తమ్ముళ్లను పెంచాడు. తర్వాత తన దేశానికి రెండుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. వీటన్నింటి మధ్యలో, మూడు దశాబ్దాలకు పైగా ఓపిగ్గా ప్రయోగాలు చేసి ‘కియాంటీ’ అనే ఎర్ర వైన్‌కు ఒక లెక్కా పద్ధతీ తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో ఇటలీ వైన్ అనగానే ముందు వినిపించే పేర్లలో కియాంటీ ఒకటి. దాని వెనకున్నది స్థానిక ద్రాక్ష, ఒక మనిషి మొండితనం.

వైన్ కథ మనకెందుకు అనుకోకండి. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఈ జీవితంలో పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. అప్పు, ఆగిపోయిన చదువు, రాజీనామా, పదేళ్ల ఖాళీ.. ఇవన్నీ ఆయనకూ ఎదురయ్యాయి.

పద్దెనిమిదేళ్లకే ఇంటిపెద్ద

అప్పటికి ఇటలీ అనే దేశం లేదు. ఆ ప్రాంతమంతా చిన్న చిన్న రాజ్యాలు. ఫ్లోరెన్స్ రాజధానిగా ఉన్న టస్కనీని ఒక గ్రాండ్ డ్యూక్ పాలించేవాడు. రికాసోలీలది అక్కడి పాత జమీందారీ కుటుంబం. ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య కియాంటీ కొండల్లో ఉన్న బ్రోలియో కోట 1141 నుంచి వాళ్లదే. ఆ రెండు నగరాలూ శతాబ్దాలపాటు కొట్టుకున్నాయి. సరిహద్దులో ఉండటంతో బ్రోలియో ఎన్నో దాడులు చూసింది.

బెత్తీనో చేతికి వచ్చేసరికి ఆ కుటుంబానికి పేరు పెద్దది, ఖజానా చిన్నది. చట్టం ప్రకారం అతనింకా మైనరే. ఆస్తి వ్యవహారాలు చూడాలన్నా, తమ్ముళ్లకు సంరక్షకుడిగా ఉండాలన్నా కుదరదు. అందుకని గ్రాండ్ డ్యూక్ ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి అతన్ని మేజర్‌గా గుర్తించాల్సి వచ్చింది. ఒక్క కాగితంతో కుర్రాడు కాస్తా ఇంటిపెద్ద అయిపోయాడు. చదువు అక్కడితో ఆగింది.

1830లో ఆన్నా బొనాక్కొర్సితో పెళ్లయింది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఫ్లోరెన్స్‌లో ఉంటే విందులు, నాట్యాలు, గుర్రబ్బగ్గీలు, వాటికి తగ్గ ఖర్చులు. రికాసోలి ఆ నగర జీవితాన్ని వదులుకుని బ్రోలియోకి మకాం మార్చాడు. చాలామంది జమీందార్లు నగరంలో కూర్చుని గుమాస్తాలు పంపిన లెక్కలు చూసేవాళ్లు. ఈయన మాత్రం పొలం గట్టు మీద నిలబడి తనే చూసేవాడు. ఖర్చు తగ్గించాడు, లెక్క బిగించాడు. ఏళ్ల తరబడి అలా చేస్తే ఆస్తి అప్పుల్లోంచి బయటపడింది.

లాభం పెరగాలంటే సరుకు మారాలి

ఖర్చు తగ్గించడంతో అప్పు తీరుతుందేమో కానీ ఎస్టేటు ఎదగదు. మరి అక్కడ పండేదేంటి? ద్రాక్ష. దాంతో చేసేది వైన్. సమస్య అక్కడే ఉంది.

కియాంటీ అనే పేరు అప్పటికే పాతది. 1716లోనే అప్పటి గ్రాండ్ డ్యూక్ మూడో కోసిమో ఈ వైన్ ఏ ఏ ఊళ్ల పరిధిలో తయారైతే ఆ పేరు పెట్టుకోవచ్చో హద్దులు గీస్తూ శాసనం చేశాడు. ప్రపంచంలో ఇలా హద్దులు గీసిన తొలి ప్రాంతాల్లో అదొకటి. మన పోచంపల్లి ఇకత్‌కూ, బంగినపల్లి మామిడికీ ఇప్పుడున్న భౌగోళిక గుర్తింపు వెనకున్న ఆలోచన ఇదే. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

హద్దులైతే గీశారు కానీ, లోపల ఏం పోయాలో ఎవరూ చెప్పలేదు. ఒకే తోటలో రకరకాల ద్రాక్ష తీగలు కలిసి పెరిగేవి. ఎర్రవీ తెల్లవీ ఒకేసారి కోసి, ఒకే తొట్టిలో వేసేవాళ్లు. ఒక ఏడాది రుచి మరో ఏడాది ఉండేది కాదు. ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే, ఆ ఏడాదే ఖర్చయ్యేది. దూరం పంపితే పాడయ్యే భయం. విదేశీ మార్కెట్లో పరువున్నది ఫ్రాన్స్ వైన్లకే.

రికాసోలి లక్ష్యం సూటిగా ఉంది. తన తోటలో పండే ద్రాక్షతో, నిలవ ఉండే, దూరం ప్రయాణించే, ఏటా ఒకే స్థాయిలో ఉండే వైన్ చేయాలి.

పొలమే ల్యాబ్

కాలేజీ చదువు ఆగిపోయినా నేర్చుకోవడం ఆగలేదు. ఆయనకు ప్రకృతి శాస్త్రాల మీద మొదటినుంచీ ఆసక్తి. ఫ్లోరెన్స్‌లో వ్యవసాయ పరిశోధనల కోసం 1753లో పుట్టిన జెయోర్గోఫీలి అకాడమీలో సభ్యుడయ్యాడు. పుస్తకాలు చదివి, పండితులకు ఉత్తరాలు రాసి, తెలుసుకున్నది పొలంలో చేసి చూసేవాడు.

ఆయన పద్ధతి ఇప్పటి సైన్స్ విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. అన్నీ కలిపి చేస్తే దేనివల్ల ఏమొచ్చిందో తెలియదు. కాబట్టి ముందు విడదీయాలి. ఒక్కో రకం ద్రాక్ష స్వభావం ఏంటి, రసం ఎంతసేపు పులియాలి, తొక్కలతో కలిపి ఎన్నాళ్లు ఉంచాలి, పీపాలోకి ఎప్పుడు మార్చాలి.. ఒక్కోటీ పరీక్షించాలి. ఇక్కడే అసలు ఇబ్బంది ఉంది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రయోగం తప్పితే మధ్యాహ్నానికి మళ్లీ చేయొచ్చు. ద్రాక్ష ఏడాదికి ఒక్కసారే పండుతుంది. అంటే ఏడాదికి ఒక్క అవకాశం! పైగా వైన్ మాగితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంకొన్నేళ్లు ఆగాలి. ముప్పై ఏళ్లు పట్టిందంటే ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

1851లో ఫ్రాన్స్, జర్మనీ వెళ్లి అక్కడి తోటలనూ వైన్ తయారీనీ చూసొచ్చాడు. పోటీదారుడి దగ్గరకే వెళ్లి నేర్చుకున్నాడన్నమాట. వాళ్ల మెలకువల్ని శ్రద్ధగా గమనించాడు. తన వైన్‌కు పునాదిగా మాత్రం స్వదేశీ ద్రాక్షనే ఉంచుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే, 1852లో, భార్య ఆన్నా చనిపోయింది. ఆయన మళ్లీ పనిలో మునిగిపోయాడు. టస్కనీ తీరాన చిత్తడినేలల మారెమ్మా ప్రాంతంలో పొలం తీసుకుని కొత్త వ్యవసాయ యంత్రాలనూ ప్రయోగించాడు.

రాజీనామా తర్వాత పదేళ్లు

పొలం ఒకవైపు, రాజకీయం మరోవైపు. 1847లో రికాసోలి, ఆయన మిత్రులు రఫయెల్లో లంబ్రుస్కీని, విన్చెంజో సల్వన్యోలి కలిసి ‘లా పాత్రియా’ అనే పత్రిక పెట్టారు. ఆ మాటకు అర్థం మాతృభూమి. పాలనలో సంస్కరణలు కావాలని గ్రాండ్ డ్యూక్‌కు వినతిపత్రం కూడా ఇచ్చాడు. 1848లో ఫ్లోరెన్స్ నగరపాలనకు అధిపతి అయ్యాడు. మన లెక్కలో మేయర్ లాంటి పదవి. కానీ గ్రాండ్ డ్యూక్ స్వేచ్ఛకు వ్యతిరేకంగా మళ్లుతున్నాడని తెలిశాక ఆ పదవికి రాజీనామా చేశాడు.

1849లో ఆస్ట్రియా సైన్యం అండతో గ్రాండ్ డ్యూక్ పాత తరహా పాలన మళ్లీ తెచ్చాడు. రికాసోలి లాంటివాళ్లకు రాజకీయంగా తలుపులు మూసుకుపోయాయి. అక్కణ్నుంచి పదేళ్లపాటు ఆయనకు ప్రభుత్వంలో పనిలేదు. రెజ్యూమెలో గ్యాప్ కనిపిస్తే ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని మనం బెంగపడతాం. ఈయన గ్యాప్ పదేళ్లు! కానీ పైన చెప్పుకున్న ఫ్రాన్స్ ప్రయాణం, మారెమ్మా యంత్రాలు, వైన్ ప్రయోగాల్లో పెద్ద భాగం ఆ ఖాళీలోనివే.

మెట్టు దిగని మనిషి

1859 ఏప్రిల్ 27న ఫ్లోరెన్స్ జనం వీధుల్లోకి వచ్చారు. గ్రాండ్ డ్యూక్ నగరం వదిలి వెళ్లిపోయాడు. తాత్కాలిక ప్రభుత్వంలో రికాసోలి హోంమంత్రి అయ్యాడు. టస్కనీని ఉత్తరాన ఉన్న పీడ్‌మాంట్ రాజ్యంతో కలపాలి, అలా ఒక్కో ప్రాంతం కలిసి ఇటలీ ఒక్క దేశం కావాలి.. ఇదీ ఆయన పట్టు.

మూడు నెలలు తిరక్కముందే పెద్ద దెబ్బ. జులైలో ఫ్రాన్స్, ఆస్ట్రియా చక్రవర్తులు విల్లాఫ్రాంకాలో సంధి చేసుకున్నారు. టస్కనీని పాత గ్రాండ్ డ్యూక్‌కే తిరిగి ఇవ్వాలన్నది అందులో ఒక షరతు. రెండు మహాసామ్రాజ్యాలు ఒక మాట అనుకున్నాక చిన్న టస్కనీ ఏం చేయగలదు? చాలామంది అయిపోయిందనే అనుకున్నారు. రికాసోలి మాత్రం ససేమిరా అన్నాడు. ఆగస్టులో ప్రభుత్వాధినేతగా పగ్గాలు పట్టి, నెలల తరబడి ఒత్తిళ్లను తట్టుకున్నాడు. చివరికి 1860 మార్చి 11, 12 తేదీల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. విలీనానికి అనుకూలంగా 3 లక్షల 66 వేలకు పైగా ఓట్లు, వేరు రాజ్యంగా ఉండాలంటూ 15 వేల లోపు. టస్కనీ విలీనమైంది. ‘ఉక్కు బారన్’ అనే పేరు ఆయన ఈ మొండితనానికీ, కఠినమైన నిరాడంబర జీవితానికీ సరిగ్గా సరిపోయింది.

1861లో ఇటలీ రాజ్యం ఏర్పడింది. తొలి ప్రధాని కవూర్ అదే ఏడాది జూన్ 6న హఠాత్తుగా చనిపోయాడు. జూన్ 12న ఆ కుర్చీలో కూర్చున్నది రికాసోలి. కొత్త దేశం, ఖాళీ ఖజానా, రకరకాల చట్టాలు. గరిబాల్డీ వాలంటీర్లను సైన్యంలో చేర్చుకోవడానికి దారి వేశాడు, పోప్‌తో రాజీకి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. రాజుగారితో పొసగలేదు, తెరవెనక ఎత్తులు వేయడం ఆయనకు చేతకాలేదు. 1862 మార్చిలో రాజీనామా చేశాడు.

1866 జూన్‌లో ఆస్ట్రియాతో యుద్ధం మొదలయ్యే వేళ మళ్లీ పిలుపొచ్చింది. ప్రష్యాతో ఉన్న పొత్తు వదిలేస్తే వెనీస్ ప్రాంతం ఇప్పిస్తానని ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఆశ చూపాడు. ఇచ్చిన మాట తప్పనన్నాడు రికాసోలి. యుద్ధం తర్వాత ప్రష్యా తన అత్యున్నత పతకం ఇవ్వబోతే దాన్నీ వద్దన్నాడు. కారణం వింటే ఆశ్చర్యపోతాం. ఆ పొత్తు కుదిర్చింది తన ముందు ప్రధాని లా మార్మొరా, ఆయనకు ఇవ్వని పతకం తనకెందుకని! టీంలో ఒకరి కష్టానికి ఇంకొకరు క్రెడిట్ కొట్టేసే ఆఫీసుల గురించి వింటూంటాం కదా, వాటిని చూశాక ఈయన విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

1867 ఏప్రిల్‌లో రెండోసారీ పదవి వదిలాడు. తర్వాత క్రియాశీల రాజకీయాలకు దాదాపు దూరమై బ్రోలియోకి, తన పీపాల దగ్గరికి తిరిగొచ్చాడు.

ఒక ఉత్తరం.. ఒక ఫార్ములా

అన్నేళ్ల ప్రయోగాల సారం 1872 సెప్టెంబరు 26న ఆయన రాసిన ఒక ఉత్తరంలో ఉంది. దాన్ని పీసా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ చేజరె స్తుదియాతికి రాశాడు. అప్పటికి రికాసోలి వయసు 63. ఆయన తేల్చిన విషయం స్థూలంగా ఇది.

సాంజొవేజే: స్థానికంగా దీన్నే సాంజొవేతో అనేవాళ్లు. వైన్‌కు ప్రధానమైన సువాసన, బలం దీన్నుంచే వస్తాయి. పునాది ఇదే. కాకపోతే కుర్రవయసులో కొంచెం కరుకు, వగరు.

కనయోలో: ఇదీ స్థానిక ఎర్ర ద్రాక్షే. సువాసన పోగొట్టకుండా సాంజొవేజే కరుకుదనాన్ని మెత్తబరుస్తుంది.

మాల్వజీయా: ఇది తెల్ల ద్రాక్ష. వైన్‌ను తేలిక చేస్తుంది. రోజూ భోజనంలోకి, తొందరగా తాగేసే వైన్‌కు బాగుంటుంది. ఏళ్ల తరబడి మాగబెట్టాల్సిన వైన్‌లో మాత్రం ఇది లేకపోయినా ఫర్వాలేదు.

ఇంతే! చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ ప్రతి రకానికీ ఒక పని అప్పజెప్పాడాయన. ఏది ఎందుకు వేస్తున్నామో తెలిసి వేయడం అప్పటిదాకా కియాంటీలో లేదు. అంతకన్నా ముఖ్యం, వైన్ ఎవరికోసం, ఎప్పుడు తాగడానికి అన్నదాన్ని బట్టి కలపడం మారాలన్నాడు.

ఆయన చెప్పింది సగమే విన్నారు

రికాసోలి 1880 అక్టోబరు 23న బ్రోలియోలోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత ఆ ఉత్తరానికి పట్టిన గతి తెలుసుకోవాల్సిందే.

కియాంటీ పేరుకు గిరాకీ పెరిగింది. 1924లో 33 మంది ఉత్పత్తిదారులు పేరును కాపాడుకోవడానికి సంఘం పెట్టుకున్నారు. నల్ల కోడిపుంజు వాళ్ల గుర్తు. 1932లో ప్రభుత్వం కియాంటీ హద్దులు బాగా పెంచింది. అసలు పాత ప్రాంతానికి ‘క్లాసికో’ అనే మాట తగిలించారు. 1967లో వచ్చిన నిబంధనల ప్రకారం కియాంటీ అనిపించుకోవాలంటే 10 నుంచి 30 శాతం దాకా తెల్ల ద్రాక్ష కలపాల్సిందే! మాగబెట్టే వైన్‌కు వద్దనుకోవచ్చని ఆయన చెప్పినదాన్ని చట్టం అందరికీ తప్పనిసరి చేసింది. పల్చటి, చవక కియాంటీ మార్కెట్‌ను నింపేసింది. పేరు పలచబడింది.

కొందరు తిరగబడ్డారు. 1971 పంటతో చేసిన ‘టిన్యానెల్లో’ అనే వైన్ కియాంటీ పేరునే వదులుకుని మామూలు టేబుల్ వైన్‌గా బయటికొచ్చింది. జనం మెచ్చారు. నిబంధనలు మెల్లగా దిగొచ్చాయి. 1984లో తెల్ల ద్రాక్ష వాటా బాగా తగ్గించారు. 2006 పంట నుంచి కియాంటీ క్లాసికోలో తెల్ల ద్రాక్షే నిషిద్ధం. ఇప్పుడందులో కనీసం 80 శాతం సాంజొవేజే ఉండాలి. రికాసోలి మాట పూర్తిగా వినడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఏ ఫార్ములా అయినా బట్టీపడితే చాలదు, అది ఏ సందర్భానికో కూడా తెలియాలి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండో వైపు

ఆయన్ని దేవుణ్ని చేయాల్సిన పనిలేదు. టస్కనీలో అప్పుడున్నది సంగోరు సేద్యం. రైతు కుటుంబం కష్టపడి పండిస్తే సగం పంట యజమానికి పోతుంది. బ్రోలియో తోటలు తవ్వింది, తీగలు కత్తిరించింది, గంపలు మోసింది ఆ కుటుంబాలే. రికాసోలి వాళ్లకు కొత్త పద్ధతులు నేర్పాడు, ఆదివారాలు నీతిబోధలూ చేశాడు. కానీ మాట ఆయనదే, వినడం వాళ్ల వంతు. క్రమశిక్షణ పేరుతో చాలా కఠినంగా ఉండేవాడు. ఆయనకు ఉత్తర్వు ఇచ్చి మేజర్ని చేయడానికి గ్రాండ్ డ్యూక్ ఉన్నాడు. అదే వయసులో అనాథ అయిన కూలి కుర్రాడికి ఆ అవకాశం లేదు. ఫార్ములా కింద ఒక్కరి పేరే ఉన్నా, అందులో కలిసిన చేతులు చాలా ఉన్నాయి.

అయినా ఆయన నుంచి తీసుకోగలిగింది తక్కువేం కాదు. పరిస్థితి బాగాలేనప్పుడు ముందు లెక్క చూసుకున్నాడు. ఖాళీ దొరికినప్పుడు నేర్చుకున్నాడు. పదవి పోయినా చేతిలో ఒక పని ఉండేలా చూసుకున్నాడు. ఎవరిదో ఘనత తనదిగా రాసుకోలేదు.

బ్రోలియో కోట ఇప్పటికీ ఉంది. మధ్యలో వ్యాపారం బయటి కంపెనీల చేతుల్లోకి వెళ్లినా, 1993లో రికాసోలి వంశంవాళ్లే మళ్లీ తీసుకున్నారు. కొండవాలున సాంజొవేజే తీగలు ఏటా కాస్తున్నాయి. ప్రధానిగా ఆయన రెండు దఫాలూ కలిపినా రెండేళ్లు నిండలేదు. ద్రాక్షతో చేసిన పని మాత్రం సెప్టెంబరు, అక్టోబరు వచ్చిందంటే ప్రతి ఏడూ మళ్లీ మొదలవుతుంది.